ముదిరిన మెదడులో కొత్త మొలకలు

'మొక్కై వంగనిది మానై వంగునా' అంటారు. ఆరేళ్ల మనవడు నాలుగు రోజుల్లో ఎక్కాలు బట్టీ పట్టేస్తాడు. అదే తాతగారు సెల్‌ఫోన్‌లో కొత్త నంబరు దాచుకోవడం నేర్చుకోవాలంటే నాలుగు వారాలు పడుతుంది. 'నా బుర్ర ముదిరిపోయిందిరా, ఇక కొత్తవేమీ ఎక్కవు' అని ఆయనే నవ్వేస్తారు.

ఇంట్లో అందరూ బాగున్నప్పుడు ఇది సరదా మాటే. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినప్పుడో, అమ్మ తన కూతురి పేరే మరిచిపోయినప్పుడో సరదాగా ఉండదు. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, రక్తంలో ఎర్రకణాలు నాలుగు నెలలకోసారి పాతవి పోయి కొత్తవి వస్తాయి. మరి మెదడులో పోయిన కణాలు మళ్లీ ఎందుకు పుట్టవు? పుట్టించే మందేదైనా ఉందా?

ఈ ప్రశ్నకు సైన్సు దగ్గర ఇప్పుడు సగం జవాబుంది. ఆ సగం జవాబును చూపించి పూర్తి వైద్యం అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే ఏది తెలిసింది, ఏది తెలియలేదు అన్నది మన ఇళ్లలో తెలిసి ఉండటం అవసరం.

పెద్దాయన తీర్పు

మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కున్న వల కాదని, విడివిడి కణాలని చూపించినవారు స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రమోన్ ఇ కహాల్. 1906లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఎదిగిన మెదడులో దారులన్నీ ఖరారైపోయాయని, అక్కడ కణాలు చచ్చిపోవడమే తప్ప తిరిగి పుట్టడం ఉండదని ఆయన తేల్చేశారు. వీలైతే భవిష్యత్తు సైన్సు ఈ తీర్పును మార్చాలన్న ఆశనూ ఆయనే వెలిబుచ్చారు. అయితే తర్వాతివాళ్లకు తీర్పు గుర్తుంది కానీ, ఆ ఆశ గుర్తులేదు!

1960లలో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ఒక చిన్న ఉపాయం వాడారు. కణం రెండుగా చీలే ముందు తన డీఎన్‌ఏకి నకలు రాసుకుంటుంది. ఆ నకలుకు కావలసిన సరుకులో థైమిడిన్ ఒకటి. దానికి రేడియోధార్మిక గుర్తు తగిలించి ఎలుకకు ఎక్కిస్తే, ఆ సమయంలో చీలుతున్న కణాల్లోనే ఆ గుర్తు పడుతుంది. నాడీకణంలో గుర్తు కనిపించిందంటే అది ఇంజెక్షన్ తర్వాత పుట్టినదన్నమాట. 1965లో ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ కలిసి ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్‌లో పుట్టుక తర్వాత కూడా కొత్త నాడీకణాలు వస్తున్నాయని రాశారు. హిప్పోక్యాంపస్ అంటే కణతల లోపల, సముద్రగుర్రం ఆకారంలో ఉండే భాగం. కొత్త జ్ఞాపకాలు మొదట కుదురుకునేది అక్కడే.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లు దాదాపు అలాగే గడిచింది. 1983లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాటెబామ్ బృందం, ఎదిగిన కెనరీ పిట్టల మెదడులో పాటకు సంబంధించిన భాగంలో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని చూపించింది. కానీ పిట్ట సంగతి వేరు, మనిషి సంగతి వేరు అన్నారు చాలామంది.

పడకగదిలో ప్రయోగశాల

ఇక కథలో రెండో పాయ. కణాలు వాటంతటవే పెరగవు. పెరగమని, ఆగమని, ఫలానాగా మారమని వాటికి సంకేతాలు అందాలి. ఆ సంకేతాలు మోసుకొచ్చే ప్రొటీన్లనే గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. ప్రతి ప్రొటీనుకూ కణం పైన సరిపోయే రిసెప్టర్ ఉండాలి. తాళంచెవి ఉన్నా తాళం లేకపోతే ఏ తలుపూ తెరుచుకోదు కదా!

వీటిలో మొట్టమొదటిది దొరికిన తీరు చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఇటలీలోని ట్యూరిన్‌లో రీటా లెవీ మోంటాల్చీనీ అనే యువ డాక్టరు ఉండేవారు. యూదు కుటుంబం. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలతో ఆమె ఉద్యోగం పోయింది. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకున్నారు. కుట్టుసూదులకు పదును పెట్టి పరికరాలుగా వాడుకున్నారు. కోడిగుడ్లలోని పిండాల్లో నాడులు ఎలా పెరుగుతున్నాయో చూస్తూ కూర్చున్నారు. బాంబులు పడుతుంటే పల్లెకు మకాం మార్చారు, సూక్ష్మదర్శినిని మాత్రం వదల్లేదు.

యుద్ధం ముగిశాక 1947లో ఆమె అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు వెళ్లారు. ఒక రకం కణితి ముక్కను నాడుల పక్కన పెడితే, నాడుల నుంచి పోగులు సూర్యకిరణాల్లా చుట్టూ విచ్చుకున్నాయి. కణితి ఏదో పదార్థాన్ని వదులుతోందన్నమాట. ఆ పదార్థమేమిటో వెతకడానికి స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఆమెతో చేరారు. వెతుకుతూ వెతుకుతూ పాము విషంలో అది పుష్కలంగా ఉందని, ఆ తర్వాత ఎలుకల లాలాజల గ్రంథిలోనూ ఉందని కనిపెట్టారు. అదే నాడులను పెంచే ఎన్‌జీఎఫ్.

లాలాజల గ్రంథి రసంతో కోహెన్‌కు ఇంకో వింత కనిపించింది. ఆ రసం ఎక్కించిన ఎలుక పిల్లలు మిగతావాటికంటే ముందుగానే కళ్లు తెరిచాయి, పళ్లు కూడా ముందే వచ్చాయి. అది ఎన్‌జీఎఫ్ పని కాదు. చర్మం పైపొర కణాలను పెంచే మరో ప్రొటీన్ చేసిన పని. దానికి ఈజీఎఫ్ అని పేరు పెట్టారు. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. లెవీ మోంటాల్చీనీ 2012లో, 103 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

గిన్నెలో తేలిన బంతులు

ఈ రెండు పాయలూ కలిసింది 1992లో. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో బ్రెంట్ రెనాల్డ్స్, శామ్యూల్ వైస్ ఎదిగిన చుంచెలుకల మెదడు నుంచి కణాలు తీసి గాజు పాత్రలో పెట్టి, దానిలో ఈజీఎఫ్ కలిపారు. చాలా కణాలు చచ్చిపోయాయి. కొద్ది కణాలు మాత్రం చీలడం మొదలుపెట్టాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, చిన్నచిన్న బంతులుగా మారి నీళ్లలో తేలాయి. ఆ కణాలను విడదీసి మళ్లీ ఈజీఎఫ్ ఇస్తే మళ్లీ బంతులు వచ్చాయి.

ఇవే నాడీ మూలకణాలు. మూలకణం అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని కణం. తనలాంటి మరో కణాన్ని తయారుచేసుకోగలదు, పనిచేసే కణంగానూ మారగలదు. విత్తనాల గాదెలాంటిదన్నమాట.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈజీఎఫ్ అందుతున్నంతసేపూ ఆ కణాలు సంఖ్య పెంచుకుంటూనే ఉంటాయి. ఈజీఎఫ్ తీసేసి, కణాలు అతుక్కునే పొర మీద పరిచినప్పుడే వాటిలో కొన్ని నాడీకణాలుగా, కొన్ని నాడీకణాలకు అండగా ఉండే గ్లియా కణాలుగా మారతాయి. పెరగడం వేరు, నాడీకణంగా మారడం వేరు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

యూరియా ఎక్కువైతే...

ఎదిగిన ఎలుక మెదడులో ఇలాంటి మూలకణాలు ముఖ్యంగా రెండు చోట్ల ఉంటాయి. ఒకటి మెదడు మధ్యలో ద్రవంతో నిండిన గదుల అంచున. అక్కడ పుట్టిన పసి కణాలు ప్రయాణం చేసి వాసన పసిగట్టే భాగానికి చేరతాయి. రెండోది మనం చెప్పుకున్న హిప్పోక్యాంపస్. ఈ రెండూ మెదడులోని నారుమళ్లు అనుకోండి.

నారుమడికి ఎరువు వేస్తే పంట పెరగాలి కదా? 1997లో అమెరికాలో జార్జ్ కూన్, ఫ్రెడ్ గేజ్ బృందం సరిగ్గా అదే చేసి చూసింది. ఎదిగిన ఎలుకల మెదడు ద్రవంలోకి రెండు వారాలపాటు కొన్నింటికి ఈజీఎఫ్, మరికొన్నింటికి ఎఫ్‌జీఎఫ్-2 అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ చుక్కచుక్కగా ఎక్కించారు. గదుల అంచున రెండింటికీ కణాలు బాగా పెరిగాయి. అయితే నాలుగు వారాల తర్వాత చూస్తే అసలు రంగు బయటపడింది.

ఎఫ్‌జీఎఫ్-2 ఇచ్చిన ఎలుకల్లో వాసన భాగానికి చేరిన కొత్త నాడీకణాలు పెరిగాయి. ఈజీఎఫ్ ఇచ్చినవాటిలో కొత్త నాడీకణాలు మామూలు కంటే తగ్గిపోయాయి! వాటి బదులు గ్లియా కణాలు ఎక్కువయ్యాయి. ఇక హిప్పోక్యాంపస్‌లోనైతే ఈ రెండింటిలో ఏదీ కణాల సంఖ్యను పెంచలేదు. అక్కడ కూడా ఈజీఎఫ్ వల్ల గ్లియా వైపే మొగ్గు కనిపించింది.

వరి పండించే ఇళ్లలో దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. యూరియా మోతాదు మించితే చేను ఏపుగా, కళ్లు చెదిరేలా పచ్చగా పెరుగుతుంది. కోత నాడు చూస్తే గడ్డే ఎక్కువ, గింజ తక్కువ. ఏ ఎరువు, ఏ దశలో, ఎంత, ఏ చేలో అన్నది తెలియకుండా బస్తా దిమ్మరిస్తే అంతే మరి.

ఇరుగుపొరుగుల మాట

అయితే పసి కణానికి 'నువ్వు నాడీకణం అవ్వు' అని చెప్పేదెవరు? చాలావరకు దాని ఇరుగుపొరుగులే.

2002లో గేజ్ బృందం మరో పరీక్ష చేసింది. హిప్పోక్యాంపస్‌లో ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలుంటాయి. నక్షత్రం ఆకారంలో ఉంటాయి కాబట్టి ఆ పేరు. వాటి పక్కన మూలకణాలను పెంచితే నాడీకణాల దారి పట్టేవి ఎక్కువయ్యాయి. అవే మూలకణాలను వెన్నుపాము నుంచి తీసిన ఆస్ట్రోసైట్ల పక్కన పెడితే అలా జరగలేదు. విత్తనం ఒకటే, నేల వేరు. వెన్నుపాము దెబ్బతింటే ఎందుకంత కష్టమో కొంత అర్థమవుతుంది. 2005లో ఆ ఆస్ట్రోసైట్లు పంపే సంకేతాల్లో డబ్ల్యూఎన్‌టీ-3 అనే ప్రొటీన్ ముఖ్యమైనదని కూడా తేలింది.

వెనక్కి లాగే సంకేతాలూ ఉన్నాయి. బీఎంపీ అనే ప్రొటీన్లు మెదడు గదుల అంచున ఉండే మూలకణాలను గ్లియా వైపు తోస్తాయి. ఆ పక్కనే ఉండే కణాలు నాగిన్ అనే మరో ప్రొటీన్‌ను వదిలి బీఎంపీ నోరు నొక్కేస్తాయి. (మన సినిమాల్లోని నాగిని కాదు లెండి!) అప్పుడుగానీ నాడీకణం పుట్టుకకు దారి దొరకదు. ఇది 2000 సంవత్సరంలో తెలిసింది. అంటే ఏ క్షణాన చూసినా ఆ నారుమడిలో పది గొంతులు పది మాటలు చెబుతుంటాయి. కణం వాటన్నింటినీ విని ఒక దారి ఎంచుకుంటుంది.

పుట్టినవన్నీ బతకవు

నాడీకణంగా మారినా కథ ముగియదు. ఎలుక హిప్పోక్యాంపస్‌లో పుట్టిన కొత్త కణాల్లో చాలా భాగం కొద్ది వారాల్లోనే రాలిపోతాయి. చుట్టూ ఉన్న పాత కణాలతో చెలిమి కుదిరి, సంకేతాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టినవే మిగులుతాయి. ఇక్కడ బీడీఎన్‌ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ పాత్ర పెద్దది. పసి నాడీకణం కొమ్మలు వేయడానికి, నిలదొక్కుకోవడానికి అది సాయపడుతుంది.

ఆ బీడీఎన్‌ఎఫ్ ఎప్పుడు పెరుగుతుంది? మెదడుకు పని చెప్పినప్పుడు, ఒంటికి పని చెప్పినప్పుడు. 1999లో ఒకే ఏడాది రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకదానిలో హిప్పోక్యాంపస్ అవసరమయ్యే పాఠాలు నేర్చుకున్న ఎలుకల్లో కొత్త కణాలు ఎక్కువగా బతికాయి. రెండోదానిలో, బోనులో చక్రం పెట్టి ఇష్టం వచ్చినంత పరిగెత్తనిచ్చిన చుంచెలుకల్లో, బతికి బట్టకట్టిన కొత్త కణాలు దాదాపు రెట్టింపయ్యాయి.

కాళ్లు పరిగెడితే మెదడుకు ఆ సంగతి ఎలా తెలిసింది? ఇక్కడా గ్రోత్ ఫ్యాక్టర్లే తపాలా మోశాయి. 2001లో స్పెయిన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఐజీఎఫ్-1 అనే ప్రొటీన్‌ను పరీక్షించారు. ఇది ఎక్కువగా కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంది. వ్యాయామం చేసినప్పుడు మెదడులోకి చేరుతుంది. దాన్ని మెదడుకు చేరనివ్వకుండా అడ్డుకుంటే, ఎలుక ఎంత పరిగెత్తినా కొత్త కణాలు పెరగలేదు. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకున్నా అంతేనని 2003లో తెలిసింది. ఒక సీసాలోని ఒక మందు కాదు, ఒళ్లంతా కలిసి వండే వంట ఇది.

మరి మనుషుల్లో?

ఇంతవరకూ చెప్పింది ఎక్కువగా ఎలుకల ముచ్చట. మనుషుల్లో తొలి సాక్ష్యం 1998లో దొరికింది. స్వీడన్‌కు చెందిన పీటర్ ఎరిక్సన్, అమెరికాలోని ఫ్రెడ్ గేజ్ కలిసి చేసిన పని. క్యాన్సర్ ఎంత వేగంగా పెరుగుతోందో చూడటానికి కొందరు రోగులకు చీలుతున్న కణాలకు గుర్తు పెట్టే మందు ఇచ్చారు. వారిలో అయిదుగురు మరణించాక, ముందుగా తీసుకున్న అనుమతితో వాళ్ల మెదళ్లను పరీక్షించారు. హిప్పోక్యాంపస్‌లో గుర్తు పడిన నాడీకణాలు కనిపించాయి. పెద్ద వయసులో, అంత జబ్బులోనూ మెదడు కొత్త మొలక వేసిందన్నమాట.

2013లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో యోనాస్ ఫ్రీసన్ బృందం ఇంకో దారిలో వెళ్లింది. 1950, 60లలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగి, 1963 నాటి నిషేధ ఒప్పందం తర్వాత క్రమంగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఎంత ఉందో అంత దాని డీఎన్‌ఏలోకి చేరుతుంది. అదే దాని పుట్టినతేదీ పత్రం! ఆ లెక్కన ఒక్కో హిప్పోక్యాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని వాళ్లు అంచనా వేశారు. మనిషి మెదడులో మొత్తం నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. అంటే ఈ కొత్తవి సముద్రంలో చెంబెడు నీళ్లు. కానీ పడేది జ్ఞాపకాలు కుదురుకునే చోట.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. 2018లో కాలిఫోర్నియాకు చెందిన ఒక బృందం పెద్దల మెదళ్లలో వెతికి కొత్త నాడీకణాలు కనిపించలేదని, బాల్యం దాటాక ఆగిపోతున్నట్టుందని రాసింది. అదే ఏడాది ఇంకో బృందం ఉన్నాయంది. 2019లో స్పెయిన్ శాస్త్రవేత్తలు, చనిపోయాక మెదడును ఎంత త్వరగా, ఎలా భద్రపరిచారన్న దాన్ని బట్టి ఈ కణాలు కనిపించడం, కనిపించకపోవడం ఉంటుందని చెప్పారు. జాగ్రత్తగా భద్రపరిచిన మెదళ్లలో 87 ఏళ్ల వయసులోనూ లేత నాడీకణాలు కనిపించాయి. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో అవి బాగా తగ్గాయి. 2025లో ఫ్రీసన్ బృందమే పెద్దల హిప్పోక్యాంపస్‌లో చీలుతున్న తొలిదశ కణాలను కూడా గుర్తించింది. అయితే కొందరిలో ఎక్కువ, కొందరిలో దాదాపు శూన్యం. తగువు పూర్తిగా తీరలేదు గానీ, మొగ్గు మాత్రం 'పుడతాయి' అనే వైపే ఉంది.

సీసాలో ఎందుకు దొరకదు?

ఇన్ని తెలిశాక 'మరి ఆ బీడీఎన్‌ఎఫ్‌నో, ఎన్‌జీఎఫ్‌నో ఇంజెక్షన్ చేస్తే పోలేదా?' అనిపిస్తుంది. ఆ ప్రయత్నాలూ జరిగాయి. పార్కిన్సన్స్ రోగుల మెదడులోకి జీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను నేరుగా పంపిన ఒక పరీక్షను ఆశించిన ఫలితం రాక 2004లో ఆపేశారు. అల్జీమర్స్ రోగులు 49 మందిపై ఎన్‌జీఎఫ్ జన్యువును వాడి చూసిన పరీక్ష ఫలితం 2018లో వెలువడింది. రెండేళ్ల తర్వాత చూస్తే మందు అందినవాళ్లకీ అందనివాళ్లకీ తేడా లేదు. ఈ రెండూ ఉన్న కణాలను కాపాడటానికి చేసిన ప్రయత్నాలే. కొత్తవి పుట్టించడం ఇంకా కష్టం.

కారణాలు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ ఇదే ఈజీఎఫ్‌తో షుగరు రోగుల కాలిపుండ్లు మానడానికి జెల్ తయారుచేసింది. పుండు కళ్లెదుట ఉంటుంది, జెల్ దాని మీదే రాయవచ్చు, మానిందో లేదో రోజూ చూడవచ్చు. మెదడు అలా కాదు. రక్తంలోని పెద్ద ప్రొటీన్లు చాలావరకు లోపలికి పోకుండా గట్టి కంచె ఉంటుంది. కంచె దాటించినా కావలసిన చోటికే పోతుందన్న హామీ లేదు. పోయినా ఏ కణం ఏమని అర్థం చేసుకుంటుందో తెలియదు. పైగా పెరగమని చెప్పే సంకేతంతో క్యాన్సర్ భయం ఉండనే ఉంది. గ్లియోబ్లాస్టోమా అనే మొండి మెదడు క్యాన్సర్‌లో చాలామంది రోగుల కణితుల్లో ఈజీఎఫ్ రిసెప్టర్ జన్యువు విపరీతంగా పెరిగిపోయి కనిపిస్తుంది.

పక్షవాతం సంగతి చూడండి. 2002లో స్వీడన్‌లోని లుండ్‌లో చేసిన పరీక్షలో, మెదడుకు రక్తం ఆగిన ఎలుకల్లో మూలకణాలు తమంతట తామే మేల్కొని, పసి నాడీకణాలను దెబ్బతిన్న చోటికి పంపాయి. అక్కడికి చేరినవాటిలో 80 శాతానికి పైగా కొన్ని వారాల్లోనే చచ్చిపోయాయి. పోయిన కణాల స్థానంలో మిగిలినవి 0.2 శాతం మాత్రమే. అదే ఏడాది జపాన్‌లో మరో బృందం ఎలుకలకు ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్-2 కలిపి ఎక్కించి, హిప్పోక్యాంపస్‌లో పోయిన కణాల్లో కొంత భాగాన్ని తిరిగి రప్పించింది. ఆశ ఉందనడానికి అదే గుర్తు. కానీ ఇన్నేళ్లయినా అది ఆసుపత్రి వైద్యం కాలేదు.

ఇంజెక్షన్ వేస్తామంటే...

'మూలకణాలతో మెదడును తిరిగి మొలిపిస్తాం', 'గ్రోత్ ఫ్యాక్టర్ థెరపీతో పక్షవాతం మాయం' అని ఎవరైనా లక్షలు అడిగితే ఈ వివరాలన్నీ గుర్తుచేసుకోండి. బిడ్డకు ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో ఉంటే తల్లిదండ్రులు పొలం అమ్మైనా సరే వైద్యం చేయిస్తారు. ఆ ప్రేమే కొందరికి పెట్టుబడి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో విషయం స్పష్టంగా ఉంది. బ్లడ్ క్యాన్సర్, తలసీమియా లాంటి వ్యాధులకు చేసే రక్త మూలకణాల మార్పిడిని వైద్యంగా ఒప్పుకుంది. మెదడు జబ్బులకు మూలకణాలు ఎక్కించడం అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప చెయ్యకూడదు. 'మాదీ పరిశోధనే' అంటే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య అడగండి. నిజమైన పరిశోధనలో పరీక్షిస్తున్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు వసూలు చెయ్యరు. బిల్లు చేతిలో పెట్టారంటే అనుమానించాల్సిందే.

డబ్బు పోతే పోయిందిలే అనుకోవడానికీ లేదు. జన్యులోపంతో నాడీవ్యాధి వచ్చిన ఓ ఇజ్రాయెల్ బాలుడికి మాస్కోలో పలుమార్లు పిండాల నుంచి తీసిన నాడీ మూలకణాలు ఎక్కించారు. తొలి చికిత్స జరిగిన నాలుగేళ్లకు మెదడులో, వెన్నుపాములో గడ్డలు బయటపడ్డాయి. పరీక్షిస్తే ఆ గడ్డలోని కణాలు ఆ పిల్లాడివి కావు, దాతలవి. 2009లో వైద్య పత్రికలో ఈ వివరాలు వచ్చాయి. మూలకణానికి పెరగడం వచ్చు. ఎక్కడ ఆగాలో చెప్పే ఇరుగుపొరుగు లేకపోతే అది ఆగదు.

మన చేతిలో ఉన్నది

పక్షవాతం లక్షణాలు, అంటే మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. కొత్త కణాలు పుట్టించడం కంటే ఉన్నవాటిని కాపాడుకోవడం ఎన్నో రెట్లు తేలిక. ఆ తర్వాత ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ విసుగు లేకుండా చేయించాలి. బతికి ఉన్న నాడీకణాలు కొత్త దారులు వేసుకునేది ఆ సాధనతోనే.

జబ్బు లేనివాళ్లకూ ఒక మాట. 2011లో అమెరికాలో 120 మంది పెద్ద వయసువాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, క్రమంగా పెంచుకుంటూ 40 నిమిషాలు చురుగ్గా నడిచింది. రెండో జట్టు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రం చేసింది. ఏడాది తర్వాత నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది, రెండో జట్టులో తగ్గింది. పెరుగుదల ఎక్కువున్నవాళ్లలో రక్తంలో బీడీఎన్‌ఎఫ్ కూడా ఎక్కువగా పెరిగింది. ఆ పెరిగినది కొత్త నాడీకణాల వల్లేనని స్కానింగ్ చెప్పలేదు. రక్తనాళాలు, కణాల కొమ్మలు పెరిగినా అలా కనిపించవచ్చు. ఏదైతేనేం, లాభం లాభమే కదా!

కాబట్టి తాతగారు సెల్‌ఫోన్ పక్కన పడేస్తే ఊరుకోకండి. పొద్దున్నే నాలుగు వీధులు నడిచి రమ్మనండి. వచ్చాక మనవడి పక్కన కూర్చోబెట్టి, ఆ నంబరు ఎలా దాచుకోవాలో మళ్లీ ఒకసారి నేర్పమనండి. నాలుగు వారాలు పడితే పట్టనివ్వండి. అక్కడ మొలక వేసేవి అసలే కొన్ని, వాటికి బతకడానికి కాస్త పని కావాలి.